స్థానికేతరులకు వేట ట్యాగుల లాటరీ: డ్రా తీసేలోపే తేలిపోయే లెక్కలు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: డల్లాస్‌లో ఉంటూ వయోమింగ్‌లో ఎల్క్ (ఒక పెద్ద జాతి జింక) వేట అనుమతి, అంటే ట్యాగు, కోసం కొన్నేళ్లుగా దరఖాస్తు పెడుతున్నారు, ఇంతవరకు రాలేదు. మీ ఆఫీసులో ఒకాయనకు మొదటిసారే వచ్చింది. దాంతో మీకు మూడు సందేహాలు కలిగాయి. కంప్యూటర్ డ్రాలో మోసం ఉందా? బయటి రాష్ట్రంవాళ్లమని కావాలనే పక్కన పెడుతున్నారా? కోర్టుకు వెళితే ఈ వివక్ష నిలుస్తుందా? వీటితో పాటు ఔట్‌ఫిట్టర్ల (డబ్బు తీసుకుని వేట యాత్రలు నడిపేవారు) మీద అనుమానం, వేలం ట్యాగుల ప్రస్తావన కూడా ఉన్నాయి.

మొదటిదానికి నా జవాబు: లేదు. రెండోదానికి: అవును, అయితే చాటుగా కాదు, చట్టం రాసుకుని మరీ పక్కన పెడుతున్నారు. మూడోదానికి: నిలుస్తుంది, ఇప్పటికే నిలిచింది. ఇక వివరంగా చెబుతాను. ఈ లాటరీల లెక్కలు చాలాకాలంగా చూస్తున్నవాడిగా కొన్ని విషయాల్లో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, వాటినీ దాచను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట అంటే నేరమన్న భావనతో పెరిగినవాళ్లం కాబట్టి, ఈ ఏర్పాటు గురించి తెలియనివారికి ఒక మాట. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్, మ్యూల్ డీర్, ప్రాంగ్‌హార్న్, మూస్, బిగ్‌హార్న్ గొర్రె లాంటి పెద్ద జంతువుల సంఖ్యను రాష్ట్ర వన్యప్రాణి శాఖ అంచనా వేస్తుంది. ఏ ప్రాంతంలో, ఏ తేదీల్లో, మగవి ఎన్ని, ఆడవి ఎన్ని వేటాడనివ్వవచ్చో నిర్ణయించి ఆ మేరకే అనుమతులు ఇస్తుంది. ఆ అనుమతే ట్యాగు. మంచి ప్రాంతాల్లో ట్యాగుల కంటే అడిగేవారు ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే లాటరీ.

డ్రాలో మోసం లేదని ఎందుకు అంత ధీమాగా అంటున్నానంటే, ఈ రాష్ట్రాలన్నీ ప్రతి ఏడాదీ ఫలితాలను విడదీసి ప్రచురిస్తాయి: ఏ యూనిట్‌కు (వేట ప్రాంతానికి) ఎంతమంది అడిగారు, ఎన్ని పాయింట్లు (ఏటా కూడబెట్టుకునే ప్రాధాన్య మార్కులు) ఉన్నవారిలో ఎంతమందికి వచ్చింది, స్థానికులెందరు, స్థానికేతరులెందరు. నియమాల ప్రకారం రావలసిన సంఖ్యకూ వచ్చిన సంఖ్యకూ తేడా ఉంటే లెక్క తెలిసిన ఎవరికైనా దొరికిపోతుంది. ఆ పట్టికలు చదివి వేటగాళ్లకు సలహాలు అమ్ముకునే వ్యాపారాలే ఉన్నాయి. వాళ్ల కళ్లు కప్పడం అంత సులభం కాదు.

ఇప్పుడు మీ వయోమింగ్ లెక్కకు వద్దాం. ఒక ప్రాంతంలో 100 ఎల్క్ ట్యాగులు ఉన్నాయనుకోండి. అందులో 84 వయోమింగ్ వాసులకు పోతాయి. మిగతా 49 రాష్ట్రాలకూ, విదేశాలకూ కలిపి మిగిలేవి 16. ఈ 16లో 40 శాతం ‘స్పెషల్’ ధర కట్టేవారికి, 60 శాతం మామూలు ధర కట్టేవారికి. అంటే సుమారుగా ఆరు, పది. మామూలు ధర 700 డాలర్ల దగ్గర ఉంటే స్పెషల్ ధర 2024 నుంచి 1,900 దాటింది. అదే కొండ, అదే జంతువు, అవే తేదీలు. ఎక్కువ కట్టినందుకు దొరికేదల్లా పోటీ కాస్త తక్కువగా ఉండే వరస. ఆపైన ఒక్కో వాటాలో 75 శాతం ట్యాగులు ప్రిఫరెన్స్ పాయింట్లు ఎక్కువ ఉన్నవారికి పై నుంచి కిందికి ఇస్తారు. పాయింట్లతో నిమిత్తం లేని డ్రా మిగిలిన 25 శాతానికే. పదిలో 25 శాతం అంటే రెండో మూడో. పాయింట్లు లేకుండా మామూలు ధర కట్టినవారి అదృష్టమంతా ఆ రెండు మూడు ట్యాగుల మీదే ఆధారపడి ఉంటుంది. మీకు రాకపోవడంలో వింత లేదని ఈపాటికి అర్థమై ఉంటుంది.

మీ సహోద్యోగి సంగతి ఆయన్నే అడగండి. స్పెషల్ ధర కట్టి ఉండవచ్చు. పోటీ లేని ప్రాంతం ఎంచుకుని ఉండవచ్చు. ఆడ ఎల్క్ ట్యాగు అడిగి ఉండవచ్చు. లేదా ఎన్నో ఏళ్లుగా పాయింట్లు కూడబెట్టిన స్నేహితుడితో కలిసి ఒకే బృందంగా దరఖాస్తు పెట్టి ఉండవచ్చు. వయోమింగ్‌లో బృందానికి సభ్యుల పాయింట్ల సగటు లెక్కిస్తారు. పది పాయింట్లున్న మిత్రుడు, సున్నా ఉన్న కొత్తవాడు కలిస్తే ఇద్దరికీ ఐదు. ఇందులో నియమ విరుద్ధమేమీ లేదు.

ఒక విషయం మీ ప్రశ్నలో ఎక్కడా కనబడలేదు, అందుకే గుచ్చి అడుగుతున్నాను: మీరు పాయింట్లు కొంటున్నారా? కొన్ని రాష్ట్రాల్లో డ్రాలో ఓడిపోతే పాయింటు దానంతట అదే జమవుతుంది. వయోమింగ్‌లో ఎల్క్, డీర్, యాంటిలోప్ (ప్రాంగ్‌హార్న్) విషయంలో అలా కాదు. జులై 1 నుంచి అక్టోబర్ 31 మధ్య విడిగా కొనుక్కోవాలి. ఎల్క్ పాయింటు 52 డాలర్లు. ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టి, మే నెలలో రాలేదని తెలుసుకుని, పాయింటు వచ్చిందనుకుని ఊరుకునేవారు చాలామందే ఉన్నారు. మీరూ అలాగే ఉంటే ఇన్నేళ్లూ మీ ఖాతాలో ఉన్నది సున్నాయే. అంతేకాదు, వరుసగా రెండేళ్లు దరఖాస్తూ పెట్టక, పాయింటూ కొనక ఊరుకుంటే అప్పటిదాకా ఉన్నవన్నీ రద్దవుతాయి.

అసలు ఈ పాయింట్ల పద్ధతి న్యాయమైనదేనా అంటే, నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే. పైకి ధర్మంగానే కనిపిస్తుంది: ముందు వచ్చినవాడికి ముందు. కానీ వరస కదిలే వేగం చూడండి. ఒక యూనిట్‌లో స్థానికేతరులకు ఏడాదికి 10 ట్యాగులు, అత్యధిక పాయింట్లతో ఎదురుచూసేవారు 400 మంది అనుకుంటే, కొత్తవారు ఒక్కరూ చేరకపోయినా ఆ 400 మంది అయిపోయేసరికి 40 ఏళ్లు. ఈ ఏడాది 35 ఏళ్ల వయసులో చేరినవాడు వాళ్లందరి వెనక నిలబడతాడు. ఇక ఏటా అవసరమయ్యే పాయింట్లు ఒకటి చొప్పున పెరుగుతూ పోతాయి. ఇక్కడివాళ్లు దీన్ని పాయింట్ క్రీప్ అంటారు. కొలరాడో వాయవ్య మూలలోని 2, 10, 201 యూనిట్లలో మగ ఎల్క్ కోసం ఇరవైకి పైగా పాయింట్లతో ఎదురుచూసేవారున్నారు. అక్కడ ఈ రోజు మొదటి పాయింటు కొంటున్న నడివయసు మనిషికి వరస ద్వారా ఆ ట్యాగు దక్కడం దాదాపు అసాధ్యం. ఆ సంగతి పాయింటు అమ్మే శాఖకూ తెలుసు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను డ్రా తీసి కేటాయించినప్పుడు ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షల రూపాయలు పెట్టారు. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్ముడు కాకముందే ఖజానాకు దాదాపు 1,800 కోట్లు చేరాయి. డ్రా నిజాయతీగానే తీసి ఉండవచ్చు, ఓడినవారే పెద్ద ఆదాయమన్న మాట మాత్రం మిగులుతుంది. వేట ట్యాగుల్లోనూ ఇదే జరుగుతోంది. నెవాడా, ఆరిజోనాల్లో దరఖాస్తు పెట్టాలంటేనే ముందు 150 డాలర్లకు పైబడిన వేట లైసెన్సు కొనాలి. ట్యాగు రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. నాలుగైదు రాష్ట్రాల్లో పాయింట్లు పోగుచేసుకునేవాళ్లు వేటకు ఒక్కసారీ వెళ్లకుండానే ఏటా వెయ్యి డాలర్ల దాకా వదిలించుకోవడం మామూలే.

నెవాడాది వేరే రకం పాయింట్లు. అక్కడ వరస ఉండదు, బరువు ఉంటుంది. మీ పాయింట్లను వాటితోనే గుణించి, దానికి ఒకటి కలిపి, అన్ని యాదృచ్ఛిక సంఖ్యలు మీకు ఇచ్చి, వాటిలో అతి చిన్నదాన్ని మీ సంఖ్యగా తీసుకుంటారు; చిన్న సంఖ్య ఉన్నవారికే ముందు ట్యాగు. పది పాయింట్లున్నవాడికి 101 అవకాశాలు, కొత్తవాడికి ఒకటి. అయినా ఆ ఒకటి ఉంది, తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. యూటాలో సగం ట్యాగులు పాయింట్లు ఎక్కువున్నవారికి, మిగతా సగానికి పాయింట్లను బట్టి బరువిచ్చే డ్రా. ఐడహో, న్యూ మెక్సికోల్లో పాయింట్లే లేవు. ప్రతి ఏడాదీ అందరూ సున్నా నుంచి మొదలవుతారు. నన్నడిగితే లాటరీ అంటే అదే. నూటికి ఒక్క శాతం అవకాశమున్న చోట 30 ఏళ్లు వరుసగా అడిగితే ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. గొప్పగా లేదు, నిజమే. కానీ నీ పుట్టిన సంవత్సరాన్ని బట్టి నీ అవకాశం తగ్గడం లేదు.

ఇక కోర్టు సంగతి. ఈ దారిలో చాలామంది వెళ్లి చూశారు. 1970లలో మొంటానాలో స్థానికుడు ఎల్క్ లైసెన్సును 9 డాలర్లకు కొనుక్కోగలిగితే, బయటివాడు పలు జంతువులకు కలిపి ఇచ్చే 225 డాలర్ల ఉమ్మడి లైసెన్సు కొనాల్సి వచ్చేది. దీనిపై వేసిన బాల్డ్విన్ వర్సెస్ మొంటానా ఫిష్ అండ్ గేమ్ కమిషన్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1978లో తీర్పు మొంటానాకు అనుకూలంగా వచ్చింది. వినోదం కోసం ఎల్క్ వేటాడటం జీవనోపాధి లాంటి మౌలికమైన హక్కు కాదు, కాబట్టి దాని విషయంలో రాష్ట్రం తన వాసులకూ పరాయివారికీ తేడా చూపవచ్చు అన్నది ఆ తీర్పు సారం.

తర్వాత ఆరిజోనా కేసు ఇంకా ఆసక్తికరం. మగ ఎల్క్‌లోనూ, గ్రాండ్ కాన్యన్‌కు ఉత్తరాన ఉన్న పేరుపొందిన మగ జింకల వేటలోనూ స్థానికేతరులకు 10 శాతం మించకూడదని అక్కడ నియమం. ఇది రాష్ట్రాల మధ్య వాణిజ్యానికి అడ్డు అని వాదిస్తే, 2002లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ వాదనలో బలం ఉందని తేల్చింది. 2004లో కింది కోర్టు ఆ పరిమితిని నిలిపివేసింది. స్థానికేతర వేటగాళ్లు గెలిచామనుకున్నారు. ఆ సంబరం ఏడాది కూడా నిలవలేదు. నెవాడాకు చెందిన సెనేటర్ హ్యారీ రీడ్ చొరవతో, స్థానికులకూ స్థానికేతరులకూ వేట విషయంలో తేడా చూపే అధికారం రాష్ట్రాలదేనని కాంగ్రెస్ 2005 మే నెలలో చట్టం చేసేసింది. అది వచ్చింది కూడా యుద్ధ ఖర్చులకూ, మన తీరాన్నీ ముంచెత్తిన ఆ సునామీ బాధితుల సహాయానికీ నిధులిచ్చే బిల్లులో ఒక సెక్షన్‌గా! ఆ చట్టం ఉన్నంతకాలం వాణిజ్య వాదనతో కోర్టుకెక్కడం డబ్బు దండగ.

‘ఆ భూమి ఫెడరల్ ప్రభుత్వానిది, నేనూ పన్ను కడుతున్నాను’ అన్న వాదన కూడా మీ ప్రశ్నలో ఉంది. నెవాడాలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిదే, నిజం. ఆ భూమిలో నడవడానికి, గుడారం వేసుకోవడానికి మీకూ వయోమింగ్ వాసికీ సమాన హక్కు ఉంది. కానీ ఆ భూమి మీద తిరిగే జంతువు విషయంలో నిర్ణయం రాష్ట్రానిది. అమెరికా న్యాయవ్యవస్థలో ఈ రెండూ వేర్వేరు. ఇందులో నేను రాష్ట్రాల పక్షమే. చలికాలంలో గడ్డివాములు ఎల్క్ మంద తినేస్తే నష్టపోయేది అక్కడి రైతు, రాత్రిపూట రోడ్డు మీద జింకను గుద్దుకునేది అక్కడి డ్రైవరు. వాళ్లకు పెద్ద వాటా ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను. అదే సమయంలో, ఈ శాఖల లైసెన్సు ఆదాయంలో పెద్ద వాటా స్థానికేతరుల జేబుల్లోంచి వస్తోందన్నది కూడా మరవకూడదు. ఎవరెంత పొందాలన్నది తేల్చేది శాసనసభలు, అక్కడ మనకు ఓటు లేదు. పేచీ అంతా అక్కడే.

ఓటు లేనివాడికి ఏం జరుగుతుందో చెప్పడానికి వయోమింగ్ బిగ్‌హార్న్ గొర్రెల కథ చాలు. పూర్వం ఆ ట్యాగుల్లో 25 శాతం, మూస్ ట్యాగుల్లో 20 శాతం స్థానికేతరులవి. ఆ లెక్క నమ్మి బయటివాళ్లు ఏటా పాయింట్లు కొన్నారు. గొర్రెకైనా మూస్‌కైనా ఒక్కో పాయింటు ఇప్పుడు 150 డాలర్లు. 2022లో శాసనసభ రెండింటినీ 10 శాతానికి తగ్గించింది. ఐదారు ట్యాగులే ఉండే ప్రాంతంలో 10 శాతం అంటే అర ట్యాగు, అంటే చాలా చోట్ల సున్నా. వాటా తగ్గించడం రాష్ట్రం ఇష్టం, చట్టప్రకారం సరే. ఇరవై ఏళ్లు డబ్బు తీసుకుని వరసలో నిలబెట్టి, తీరా దగ్గరికి వచ్చాక కౌంటర్లు సగానికి పైగా మూసేయడం మాత్రం నాకు మింగుడు పడలేదు. కట్టినదాంట్లో కొంతైనా తిరిగి ఇచ్చి ఉండవలసింది.

పది శాతం అన్నా అన్ని చోట్లా ఒకటే కాదు, దరఖాస్తు పెట్టే ముందు ఇది చూసుకోండి. యూటాలో స్థానికేతరులకు కొంత వాటా విడిగా తీసి పెడతారు, ఆ మేరకు మనకు రావాల్సిందే. ఆరిజోనాలో పది శాతం అన్నది పై హద్దు. అంత వస్తుందన్న హామీ ఉండదు.

ఔట్‌ఫిట్టర్ల గురించి మీ అనుమానం మాత్రం పూర్తిగా కొట్టేయదగినది కాదు. లంచం ఇచ్చి ట్యాగు తెచ్చే దారి లేదు గానీ, చట్టంలోనే వాళ్లకు చోటు ఉంది. న్యూ మెక్సికోలో 84 శాతం స్థానికులకు, 10 శాతం నమోదైన ఔట్‌ఫిట్టర్‌తో ఒప్పందం చేసుకున్నవారికి, 6 శాతం సొంతంగా వేటాడే స్థానికేతరులకు. వేల డాలర్లు పెట్టి ఔట్‌ఫిట్టర్‌ను కుదుర్చుకోగలిగినవాడు చాలా యూనిట్లలో చిన్న గుంపుతో పోటీపడతాడు. అలాస్కాలో గోధుమ ఎలుగుబంటి, డాల్ గొర్రె, కొండమేకలకు స్థానికేతరుడు లైసెన్సు ఉన్న గైడుతోనో, అలాస్కా వాసి అయిన దగ్గరి బంధువుతోనో వెళ్లాలి. అక్కడి కొండలు, వాతావరణం చూస్తే దాన్ని కొంతైనా సమర్థించవచ్చు.

వయోమింగ్ నియమాన్ని సమర్థించడం నావల్ల కాదు. అక్కడ ఫెడరల్ ప్రభుత్వం విల్డర్‌నెస్‌గా (రోడ్లు, వాహనాలు లేకుండా అలాగే ఉంచే అడవిగా) ప్రకటించిన ప్రాంతాల్లో పెద్ద జంతువులను వేటాడాలంటే స్థానికేతరుడికి గైడు తప్పనిసరి, లేదా అనుమతి పొందిన స్థానికుడు తోడుండాలి. భద్రత కోసం అంటారు. అదే అడవిలో అదే మనిషి ఒంటరిగా వారం రోజులు గుడారం వేసుకుని చేపలు పట్టుకోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. కొలరాడో కొండల్లో పుట్టి పెరిగినవాడికి గైడు కావాలి, ఏడాది క్రితం ఫ్లోరిడా నుంచి వచ్చి వయోమింగ్‌లో స్థిరపడినవాడికి అక్కర్లేదు. ఇది భద్రత కాదు, గైడుల ఉపాధి. అలా అని ఒప్పుకుంటే కనీసం చర్చించుకోవచ్చు.

ఈ పరిస్థితి ఎప్పటికీ మారదనీ అనలేం. మొంటానాలో ఔట్‌ఫిట్టర్ల ఖాతాదారులకు 5,500 లైసెన్సులు ఖాయంగా కేటాయించే పద్ధతి ఉండేది. 2010లో ఐ-161 అనే ప్రజా ప్రతిపాదనపై ఓటింగ్ పెట్టి అక్కడి ఓటర్లే దాన్ని రద్దు చేశారు. స్థానికేతరుల ఉమ్మడి లైసెన్సు ధర 628 నుంచి 897 డాలర్లకు పెరిగింది కూడా ఆ ప్రతిపాదనతోనే. అది మనమీద ప్రేమతో జరిగింది కాదు. ఔట్‌ఫిట్టర్లు పొలాలను లీజుకు తీసుకుని తమను రానివ్వడం లేదని స్థానిక వేటగాళ్ల కోపం.

వేలం ట్యాగుల ప్రస్తావన కూడా తెచ్చారు. చాలా రాష్ట్రాలు ఏటా కొద్ది ట్యాగులను వేలం వేస్తాయి. 2013లో మొంటానా బిగ్‌హార్న్ గొర్రె ట్యాగు ఒకటి 4,80,000 డాలర్లకు పోయింది. చూడటానికి ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ, ఒకటి రెండు ట్యాగులతో గొర్రెల సంరక్షణకు అంత సొమ్ము వస్తుంటే నాకు అభ్యంతరం లేదు. మీ అవకాశాన్ని అది లెక్కలోకి వచ్చేంతగా తగ్గించదు.

ఇక మీరేం చేయాలి? కనబడిన ప్రతి రాష్ట్రంలోనూ పాయింట్లు కొనే అలవాటు మానేయండి. అరుదైన యూనిట్ల కోసం కొత్తగా వరసలో చేరడం మీ వయసు ముప్పై లోపు ఉంటే తప్ప దండగ. పాయింట్లు లేని ఐడహో, న్యూ మెక్సికోల్లో ఏటా ప్రయత్నించండి. ఐడహోలో సాధారణ సీజన్ ట్యాగులు కూడా 2026 నుంచి స్థానికేతరులకు డ్రాలోనే ఇస్తున్నారు. కొలరాడోలో అయితే 2025 నుంచి పశ్చిమ ప్రాంతాల్లో విల్లుతో ఎల్క్ వేటకు బయటివాళ్లు నేరుగా ట్యాగు కొనే వీలు పోయింది, అది కూడా డ్రాలోకి వెళ్లింది. కాబట్టి పాత వ్యాసాలు చదివి ప్రణాళిక వేసుకోకండి, ఆ ఏటి నియమావళే చూడండి.

మీరు తాత్కాలిక వీసాలో ఉంటే ఇంకో మాట. హెచ్-1బి లాంటి వీసా ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే అందుకు మినహాయింపు ఉంది. డ్రాకు పెట్టిన దరఖాస్తు లైసెన్సు కాదు, దాన్ని చూపించి తుపాకీ కొనబోకండి. వలస వ్యవహారాల న్యాయవాదితో ఒకసారి మాట్లాడండి.

వయోమింగే కావాలంటే, కొమ్ముల మీద మమకారం ఒక ఏడాది పక్కన పెట్టి తగ్గింపు ధరకు ఇచ్చే ఆడ ఎల్క్, దూడల ట్యాగుకు దరఖాస్తు పెట్టండి. దానికి పాయింట్లు అక్కర్లేదు, అందరికీ ఒకే డ్రా. ఖర్చు మామూలు ట్యాగులో సగం కూడా ఉండదు. మాంసం కాస్త తక్కువైనా కొండలు అవే. డ్రా అయ్యాక మిగిలిపోయిన ట్యాగుల జాబితా కూడా విడుదల చేస్తారు, దాన్నీ చూసుకోండి. ఈలోగా అక్టోబర్ 31 లోపు ఆ 52 డాలర్ల పాయింటు కొనడం మరవకండి. ఒక మోస్తరు యూనిట్‌లో మగ ఎల్క్ ట్యాగు మీకు ఓపిక ఉన్న వయసులోనే రావడానికి అది పనికొస్తుంది.